టు-లెట్ బోర్డు నంబరుకి ఫోన్ చేశారా?

(కూకట్‌పల్లిలోని మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు బ్యాంకులో హౌసింగ్ లోన్లు చూసి రిటైరైన మా కాలనీవాసి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ముందు వరుస ఖాళీగానే ఉంది. మన సభల్లో ముందు వరుస ఎప్పుడూ ఖాళీయే. వెనకవైపు ఫ్యాను తిరగట్లేదు, ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననొద్దు.

సెక్రటరీగారు నన్ను పరిచయం చేస్తూ "మూడు ఇళ్ళు అద్దెకిచ్చిన మేడమ్" అన్నారు. ఇప్పుడు రెండేనండీ. మూడోది అమ్మేశాను. ఎందుకు అమ్మేశానో కాసేపట్లో చెబుతాను. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ అమ్మేసిన ఇంటి దగ్గర నేర్చుకున్నదే.

ముందు ఒక ప్రశ్న. అద్దెకివ్వడానికని ఈ మధ్య ఫ్లాట్లు చూసినవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, సగం హాలు! మంచిది. ఆ ఫ్లాటుకి అద్దె ఎంతొస్తుందో మీకెలా తెలిసింది? బిల్డరు ఆఫీసులో చెప్పారు. ఇంకా? బ్రోకరు చెప్పాడు. ఇంకా? నెట్‌లో చూశాం. సరే. ఆ గేటుకి వేలాడే టు-లెట్ బోర్డు చూసి, అద్దెకు దిగేవాళ్ళలాగా ఫోన్ చేసి అడిగినవాళ్ళెంతమంది? ఒక్కరు. ఒక్కరంటే ఒక్కరు. చూశారా! డెబ్బై లక్షలు పెట్టే ముందు ఒక్క ఫోన్ కాల్ చెయ్యలేదు మనం.

రెండో వరుసలో నీలం చొక్కా బాబూ, నువ్వు చెయ్యెత్తావు కదా. టోకెన్ ఇచ్చావా? యాభై వేలు ఇచ్చావు. సేల్ అగ్రిమెంట్ ఎప్పుడు? గురువారం. ఫ్లాటు ఎంత? డెబ్బై లక్షలు, డబుల్ బెడ్రూమ్. అద్దె ఎంతొస్తుందన్నారు? ఇరవై రెండు వేలు. లోనెంత? యాభై లక్షలు. బాగుంది, నీ లెక్కే బోర్డు మీద వేద్దాం. నీకు అభ్యంతరం లేదు కదా? నీ పేరు అడగను, భయపడకు.

ఇరవై రెండు వేలు ఇంటూ పన్నెండు, 2,64,000. డెబ్బై లక్షల మీద మూడు ముప్పావు శాతం. బ్రోకరు ఇక్కడ ఆగిపోతాడు. మనం ఆగం. డెబ్బై లక్షలకే ఫ్లాటు వచ్చిందా? రిజిస్ట్రేషన్ ఎవరు కడతారు? తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం. డాక్యుమెంటులో మొత్తం విలువ రాస్తే 5,25,000. కప్‌బోర్డులు, కిచెన్‌లో వుడ్‌వర్క్, ఫ్యాన్లు, రెండు గీజర్లు, దోమల మెష్‌లు... తక్కువలో తక్కువ నాలుగు లక్షలు. అంటే నీ చేతి నుంచి వెళ్ళేది 79 లక్షల పాతిక వేలు. ఇంకా కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ ఐదు శాతం అదనం. ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చేసిన తర్వాత కొంటే జీఎస్టీ లేదు. నీది? ఓసీ వచ్చిందట. గుడ్.

ఇప్పుడు అద్దె వైపు చూద్దాం. పన్నెండు నెలలు ఎందుకు వేశాం? ఎవరి ఇంట్లోనైనా పదేళ్ళపాటు ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా అద్దెకున్నారా? ఉంటే వాళ్ళకి దండం పెట్టండి. మిగతావాళ్ళం పదకొండు నెలలే వేసుకోవాలి. 2,42,000. ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్ మనమే కట్టాలి, మూడు వేలు. ఇంటి పన్ను ఆరు వేలనుకుందాం. రిపేర్లు ఏడాదికి సగటున పదిహేను వేలు. ఏ ఏడాదీ సరిగ్గా పదిహేను అవ్వదు. మూడేళ్ళు ఏమీ అవ్వదు, నాలుగో ఏడాది ఒకేసారి అరవై వేలవుతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 2,18,000. దాన్ని 79 లక్షల పాతిక వేల మీద చూస్తే? రెండు ముప్పావు శాతం. మూడు కూడా లేదు.

ఇక లోను. యాభై లక్షలు, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్ళు. ఈఎమ్ఐ దాదాపు 43,400. మొదటి నెల ఈఎమ్ఐలో వడ్డీ ఒక్కటే 35,400 పైన ఉంటుంది. వచ్చే అద్దె ఇరవై రెండు వేలు. "అద్దెతో ఈఎమ్ఐ గడిచిపోతుంది మేడమ్" అని నా కౌంటరు దగ్గర చెప్పినవాళ్ళని ముప్పై ఏళ్ళు విన్నాను. అసలు సంగతి దేవుడెరుగు, ఈ అద్దె వడ్డీకే చాలదు. ప్రతి నెలా ఇరవై ఒక్క వేలు జీతంలోంచి వెయ్యాలి. ఖాళీ ఉన్న నెల నలభై మూడు వేలు, పైగా మెయింటెనెన్సు.

బాబూ, మొహం అలా పెట్టకు. కొనొద్దని నేను అనట్లేదు. నేనూ కొన్నాను కదా! ఈఎమ్ఐ ఇరవై ఏళ్ళూ దాదాపు అంతే ఉంటుంది, అద్దె మెల్లగా పెరుగుతుంది. చేతిలో ఉంటే ఖర్చయిపోయే డబ్బు అక్కడ ఆగుతుంది. భూమి విలువ పెరగొచ్చు. పెరగొచ్చు అన్నాను, పెరుగుతుంది అనలేదు. అందుకే యూడీఎస్ అడగండి, మీ ఫ్లాటుకి భూమిలో వాటా ఎన్ని గజాలు? గోడలు ఏటా పాతబడతాయి, ధర పెరిగేది ఆ గజాలకే. పాత మూడంతస్తుల బిల్డింగులో అరవై గజాలొస్తే, అదే ధరకి ముప్పై అంతస్తుల టవర్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. లిఫ్టు, జిమ్ము, స్విమ్మింగ్‌పూల్ చూసి మనం గజాల సంగతే మర్చిపోతాం.

సరే, ఇప్పుడు ఆ మూడో ఇంటి కథ.

2012లో బాచుపల్లి వైపు ఒక ఫ్లాటు కొన్నాను. బ్యాంకులో ఉన్నాను కదా, కాగితాలు చూడ్డం నాకు వచ్చు. ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీల రికార్డు, తీయించాను, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత ఓనర్ల కాగితాలు, ముప్పై ఏళ్ళవి చూశాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తూర్పు ముఖం. వాస్తు చూపించాం. హాల్లో ఫాల్స్ సీలింగ్ పెట్టించాను, అప్పట్లో అదొక మోజు. కిచెన్‌కి ఎర్ర రంగు షట్టర్లు. గృహప్రవేశం చేసి, పాలు పొంగించి, తాళం వేసి, గేటుకి బోర్డు కట్టాం. దాని మీద "ఫ్యామిలీస్ ఓన్లీ, వెజిటేరియన్స్ ఓన్లీ" అని రాయించాను.

ఏడు నెలలు ఖాళీగా ఉంది. ఏడు నెలలు! ఆ ఏడు నెలలూ మా ఇల్లు పరమ శాకాహారి, లోపల వంటే లేదు కదా.

వచ్చినవాళ్ళు రాకపోలేదు. వచ్చి, ఫాల్స్ సీలింగ్ వైపు ఒక్కసారి చూసి, వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పేవారు. "నీళ్ళెట్లా ఉంటాయండీ?" అనేవారు. వాచ్‌మన్ భార్య పక్కనే ఉండేది, ఆ అమ్మాయికి అబద్ధం చెప్పడం రాదు. "ఎండాకాలం ట్యాంకరేనమ్మా" అనేది. తర్వాత ప్రశ్న, మెయిన్ రోడ్డు నుంచి ఆటో దొరుకుతుందా? రాత్రి ఎనిమిది దాటితే దొరకదు. ఒకావిడ నర్సు, సెకండ్ షిఫ్టు ముగించుకుని పదింటికి రావాలి. ఇల్లు నచ్చింది, ఆ చీకటి రోడ్డు నచ్చలేదు. నేను ఆ రోడ్డు మీద రాత్రి పదింటికి ఒక్కసారి కూడా నడవలేదు. ఆదివారం ఉదయం పదింటికి, కారులో, బిల్డరు మనిషి ఇచ్చిన కాఫీ తాగుతూ చూశాను. నేను చూసిన ఇల్లు వేరు, వాళ్ళు చూసిన ఇల్లు వేరు.

కాబట్టి, అద్దెకివ్వడానికి కొనేటప్పుడు కొనేవాళ్ళలా చూడకండి, దిగేవాళ్ళలా చూడండి. రాత్రి పూట వెళ్ళండి. పొద్దున్న ఎనిమిదింటికి, స్కూలు బస్సులొచ్చే టైముకి వెళ్ళండి. మే నెలలో వెళ్ళండి. మెట్రో స్టేషనుకి ఎంత దూరమని అడక్కండి, నడిచి చూడండి. బోరెన్ని అడుగులు, సంపు ఎన్ని లీటర్లు, మంజీరా నీళ్ళ కనెక్షన్ ఉందా, రోజు విడిచి రోజా? టు-లెట్ బోర్డులెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నలభై ఫ్లాట్ల బిల్డింగుకి ఆరు బోర్డులున్నాయా? మీది ఏడోది అవుతుంది. ఆ ఆరింటికీ ఫోన్ చెయ్యండి. "ఎంతండీ? ఏమైనా తగ్గిస్తారా? ఎన్నాళ్ళ నుంచి ఖాళీ?" అప్పుడు తెలుస్తుంది ఇరవై రెండు వేలో, పద్దెనిమిదో. ఇందులో మోసమేమీ లేదండీ, వాళ్ళు బోర్డు పెట్టిందే ఫోన్ చెయ్యమని.

శాకాహారం సంగతి కూడా చెప్పేస్తాను, దాటవేస్తే బాగుండదు. చివరికి ఆ ఇంట్లో దిగింది ఇద్దరు బ్యాచిలర్ కుర్రాళ్ళు, ఒకడిది రాజమండ్రి, ఒకడిది కటక్. ఇద్దరూ చేపలు తినేవాళ్ళే. రెండేళ్ళ మూడు నెలలున్నారు, ఒక్క నెల అద్దె ఆలస్యం కాలేదు. వెళ్ళేటప్పుడు వంటింట్లో చిమ్నీ తుడిచి వెళ్ళారు. కులమడిగి, మతమడిగి, "ఏం తింటారు" అని అడిగి ఇళ్ళిచ్చే అలవాటు మనకి చాలా ఉంది. అది తప్పని నా అభిప్రాయం. ఇక్కడ కొందరికి నచ్చకపోవచ్చు, ఫర్వాలేదు. తప్పు సంగతి పక్కన పెట్టినా, ఆ ఒక్క మాట బోర్డు మీద రాసినందుకు నాకు నెలల అద్దె పోయింది.

ఇంకో సంగతి, ఏ కోర్సులోనూ చెప్పరు. మనవాళ్ళు ఆషాఢంలో ఇల్లు మారరు. శూన్యమాసమని భాద్రపదంలో మారరు. పుష్యంలో మారరు. మీ ఇల్లు జ్యేష్ఠం ఆఖర్లో ఖాళీ అయిందనుకోండి, శ్రావణం దాకా మీకు ఫోనే రాదు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లల స్కూళ్ళ కోసం అందరూ మారతారు. అందుకని నేను అగ్రిమెంటు మార్చి, ఏప్రిల్‌లో ముగిసేలా రాసుకుంటాను. దక్షిణ ముఖం ఫ్లాటు సంగతీ అంతే. కొనేవాళ్ళు భయపడతారు కాబట్టి కొంచెం తక్కువకి వస్తుంది. అద్దెకు దిగేవాళ్ళలో పట్టింపున్నవాళ్ళు ఉంటారు, కానీ ఐటీ పిల్లలకి అంత పట్టింపు లేదు. ఇప్పుడు నాకున్న రెండిట్లో ఒకటి దక్షిణ ముఖమే. మా అత్తగారికి చెప్పలేదు, అది వేరే కథ.

ఐటీ పిల్లలంటే గుర్తొచ్చింది. 2020లో ఏమైంది? లాక్‌డౌన్, వర్క్ ఫ్రమ్ హోమ్. అందరూ ల్యాప్‌టాపులు పట్టుకుని సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. మాదాపూర్, గచ్చిబౌలి వీధుల్లో ఏ గేటు చూసినా టు-లెట్. అమీర్‌పేట హాస్టళ్ళు ఖాళీ. ఒకే రకం మనుషుల మీద ఆధారపడ్డ వీధులవి. అప్పుడు అద్దె ఆగింది కానీ ఈఎమ్ఐ ఆగలేదు. మారటోరియం, అంటే కొన్ని నెలలు ఈఎమ్ఐ కట్టక్కర్లేదని, ఇచ్చారు కదా అంటారా? ఇచ్చారు, ఆ నెలల వడ్డీ కూడా అసల్లో కలిపారు. అందుకని కొనే ముందే ఆరు నెలల ఈఎమ్ఐ బ్యాంకులో పక్కన పెట్టండి. లేకపోతే ఇంకో ఏడాది ఆగండి, ఇళ్ళు ఎక్కడికీ పారిపోవు.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, లాయరుకి డబ్బిచ్చి చూపించుకోండి. రెండు మాటలు మాత్రం. ప్రీలాంచ్ అని, అంటే అనుమతులు రాకముందే అమ్మేస్తూ, యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేసేస్తాం సగం ధరకే అని ఫోన్లొస్తాయి. 2016 నాటి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం, మరీ చిన్నవి తప్ప, రిజిస్టర్ కాని ప్రాజెక్టులో బుకింగులు తీసుకోవడమే కుదరదు. రెరా నంబరు చెప్పమనండి. చెప్పకపోతే ఫోన్ పెట్టేయండి. రెండోది చెరువులు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి హద్దు, బఫర్ జోన్ అంటే దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని జాగా, ఈ మాటలు ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక అందరికీ వచ్చేశాయి. మాట రావడం కాదు, మీ సర్వే నంబరు పట్టుకుని మ్యాపులో చూడండి. "లేక్ వ్యూ" అని బ్రోషర్‌లో ఉంటే ఇంకొంచెం గట్టిగా చూడండి.

అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసా? ఎవరైనా చెప్పండి. ఆ, సరిగ్గా చెప్పావమ్మా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 1999 నుంచి మన దగ్గర సవరణతో అన్ని లీజులకీ అది వర్తిస్తుంది. ఆ పాత అలవాటే ఈ పదకొండు. దాన్ని స్టేషనరీ షాపులో దొరికే ఫారం మీద ఖాళీలు నింపి వదిలెయ్యకండి. పెయింటింగుకి ఎంత పట్టుకుంటారు, ఖాళీ చెయ్యాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏడాది తర్వాత అద్దె ఎంత పెరుగుతుంది, గీజరు పాడైతే ఎవరు, కుళాయి వాషరు పోతే ఎవరు, ఇవన్నీ రాయండి. మన దగ్గర రెండు నెలల అడ్వాన్సు మామూలు. ఆ డబ్బు మనది కాదండీ, బ్యాంకులో విడిగా ఉంచండి. ఖాళీ చేసేటప్పుడు "మేడమ్, కొత్తవాళ్ళు వచ్చాక ఇస్తాను" అనే ఓనర్లని చూశాను. ఆ కుటుంబం కొత్త ఇంటికి అడ్వాన్సు ఎక్కణ్ణుంచి కట్టాలి?

తాళాలిచ్చే రోజు నేను చేసేది చెబుతాను. ఒక నోటు పుస్తకం తీసుకెళ్తాను. కరెంటు మీటరు రీడింగ్ రాస్తాను, ఫొటో తీస్తాను. ప్రతి గదిలో నిలబడి నాలుగు గోడలూ వీడియో తీస్తాను, దిగేవాళ్ళని పక్కనే ఉంచుకుని. కుళాయిలన్నీ ఒకసారి తిప్పుతాను, ఫ్లష్ నొక్కుతాను, గీజరు స్విచ్ వేసి ఐదు నిమిషాలు ఆగుతాను. తాళంచెవులు ఎన్ని ఇచ్చానో రాసి ఇద్దరం సంతకం పెడతాం. అరగంట పని. ఆ అరగంట లేక, గోడ మీద మేకు ఎవరు కొట్టారని గొడవపడి అడ్వాన్సు దగ్గర బంధువుల్లాంటి మనుషులు విడిపోవడం చూశాను.

అద్దె కూర్చుని తినే సొమ్మని అంటారు కదా. ఒక ఉగాది నాడు పొద్దున్న ఆరున్నరకి, నేను వేపపువ్వు ఏరుతున్నాను, ఫోన్. కింద ఫ్లాటువాళ్ళు. "మీ బాత్రూమ్ కింద మా సీలింగ్ ఊడి పడిందండీ." వెళ్ళాను. పైన అద్దెకున్నవాళ్ళకి ఏమీ తెలియదు, వాళ్ళ తప్పూ కాదు. టైల్స్ మధ్య సిమెంటు పోయి నీళ్ళు దిగాయి. పండగ పూట ప్లంబరు ఎక్కడ దొరుకుతాడు? వాచ్‌మన్ వాళ్ళ బావమరిది వచ్చి వాల్వు కట్టేశాడు. తర్వాత ఆరు రోజులు పని, పద్దెనిమిది వేలు, పైవాళ్ళకి ఆ వారం స్నానాలు రెండో బాత్రూములో. ఆ నెల అద్దెలో రెండు వేలు తగ్గించాను. వాళ్ళు అడగలేదు. మరుసటి ఏడాది అద్దె పెంచినప్పుడు వాళ్ళూ ఏమీ అనలేదు. ఆ కుటుంబం ఆరేళ్ళుంది.

టాక్సు ప్రశ్నలు చీటీల మీద వచ్చాయి, త్వరగా చెప్పేస్తాను. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేస్తారు, మిగిలినదాంట్లో ముప్పై శాతం రిపేర్లకని నేరుగా తగ్గిస్తారు, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. ఆ తర్వాత లోను వడ్డీ. దాంతో నష్టం తేలితే, పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు, కొత్త విధానంలో కుదరదు. లోను కోసం టాక్సు, టాక్సు కోసం లోను అని తిరిగేవాళ్ళు ఈ ఒక్క ముక్క ముందు చూసుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లల తరఫున వచ్చినవాళ్ళు చాలామంది కనబడుతున్నారు. మీకొకటి. ఇక్కడున్న ఓనరుకైతే నెల అద్దె యాభై వేలు దాటితేనే అద్దెకున్నవాళ్ళు రెండు శాతం టీడీఎస్, అంటే అద్దెలోంచే ముందుగా పట్టుకునే పన్ను, కట్టాలి. ఓనరు ఎన్ఆర్ఐ అయితే ఆ పరిమితి లేదు. పది వేల అద్దెకైనా టీడీఎస్ పట్టుకోవాలి, మామూలుగా 31.2 శాతం. పాపం అద్దెకున్నవాళ్ళకి ఈ సంగతే తెలియదు, నోటీసొస్తే వాళ్ళకే వస్తుంది. ఇల్లు మీ అబ్బాయి పేరు మీద ఉండి, అద్దె మీ అకౌంటులో పడుతున్నా ఓనరు అబ్బాయే. ముందే ఆడిటరుతో మాట్లాడుకుని, దిగేవాళ్ళకి మొదటి రోజే చెప్పండి.

చివరి చీటీ. "ఫ్లాటు మంచిదా, పోర్షన్ల ఇల్లు మంచిదా?" రాసిందెవరు? మీరా అంకుల్! నూట యాభై గజాల్లో నాలుగు పోర్షన్లుంటే, పెట్టిన డబ్బుకి అద్దె ఫ్లాటు కంటే మెరుగ్గానే వస్తుంది. ఒకటి ఖాళీ అయినా మూడు నడుస్తాయి. కానీ నాలుగు కుటుంబాలకి ఒక మోటారు, ఒక సంపు. మోటారు ఎవరు వెయ్యాలి, ఎవరు ఆపాలి, దాని కరెంటు బిల్లు ఎలా పంచాలి? మీరు అదే ఇంట్లో కింద ఉండి చూసుకోగలిగితే కొనండి. పైన పర్మిషన్ లేని పెంట్‌హౌస్ ఉంటే దాని అద్దె మాత్రం లెక్కలో వెయ్యకండి.

మూడో ఇల్లు ఎందుకు అమ్మానో చెప్పలేదు కదూ? ఎనిమిదేళ్ళు ఉంచాను. కొన్నదానికంటే ఎక్కువకే పోయింది, నష్టం రాలేదు. కానీ ప్రతి వేసవిలో ట్యాంకర్ల గొడవ, ప్రతిసారీ కొత్తవాళ్ళు, ఆ రోడ్డు. కొన్నాయన చూడ్డానికి ఎప్పుడొచ్చాడో తెలుసా? ఆదివారం ఉదయం పదింటికి. కారులో. నేనే చెప్పాను, "రాత్రి పూట ఇంకోసారి వచ్చి చూడండి, వేసవిలో నీళ్ళ ఇబ్బంది ఉంది" అని. రాలేదు. ఎర్ర షట్టర్లు వాళ్ళావిడకి బాగా నచ్చాయట.

పన్నెండింటికి హాలు బారసాల వాళ్ళకివ్వాలి, అప్పుడే పూలవాళ్ళు వచ్చేశారు. నీలం చొక్కా బాబూ, నీ అగ్రిమెంటు గురువారం కదా? ఇవాళ ఆదివారం. ఇవాళ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఒకసారి వెళ్ళు. బోర్డులెన్నున్నాయో రాసుకో, అన్నిటికీ ఫోన్ చెయ్యి. వాచ్‌మన్ భార్యని నీళ్ళ గురించి అడుగు, వాచ్‌మన్‌ని కాదు. బుధవారం సాయంత్రం మా ఇంటికి రా, బ్లాక్ బీలో కింద పోర్షను. ఈ బోర్డు మీద ఇరవై రెండు వేలు ఉన్నచోట అసలు అంకె వేసి మళ్ళీ లెక్క చేద్దాం.